లీవుకి పోయేటప్పుడు ఏం కొనాలి? బంగారం, అత్తరు, వాచీ, బట్టల లెక్కలు

దసరాకి ఊరికి పోయేవాళ్ళు ఇంటివాళ్ళకి ఏం కొంటే బాగుంటుందని ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నాం. మాటల్లో లెక్కలు చెవికి సరిగ్గా ఎక్కవు. గ్రాములు, క్యారెట్లు, మజూరీ అన్నీ రాసిపెట్టమని చాలామంది అడిగారు. అందుకే ఈ రాత.

నేను దుబాయ్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. చదివింది ఐటీఐ, మాది జగిత్యాల వైపు. ఫ్యాషన్ గురించి నీకేం తెలుసని మీరు అడగొచ్చు. ఏ చీర మీదికి ఏ బ్యాగు నప్పుతుందో చెప్పడం నా వల్ల కాదు. కానీ సైట్‌కి మెటీరియల్ వస్తే దించుకునే ముందు గ్రేడ్ చూడడం, కొలవడం, సర్టిఫికెట్ అడగడం నా రోజువారీ పని. ఖరీదైన వస్తువు కొనేటప్పుడూ చేయాల్సింది అదే.

ముందు లిస్టు సంగతి

నాతో పనిచేసే ఒక తమ్ముడు రెండేళ్ళ తర్వాత మొదటిసారి లీవుకి పోతున్నాడు. ఫోన్‌లో రాసుకున్న లిస్టు తెచ్చి చూపించాడు. అమ్మ, బాపు, భార్య, ఇద్దరు అక్కలు, బావలు, మేనల్లుళ్ళు, దోస్తులు, మొత్తం పదమూడు మంది. ఒక్కొక్కరికి ఏదో ఒకటి. కూడితే అతని నాలుగు నెలల జీతం దాటింది. వీసా కోసం ఊర్లో చేసిన అప్పు ఇంకా సగం అట్లనే ఉంది. "ఉత్త చేతులతో పోతే ఏమనుకుంటరన్నా?" అన్నాడు.

ఆ మాటని తేలిగ్గా తీసేయలేను. మన వైపు గల్ఫ్ నుంచి వచ్చినోడి పెట్టెని ఊరంతా చూసేది. సెంటు సీసాలు, టార్చిలైట్లు, ఫారిన్ చీరలు, టేప్‌రికార్డర్లు. అవి అప్పట్లో ఊర్లో దొరకని వస్తువులు కాబట్టి వాటికి విలువ. ఇప్పుడు జగిత్యాలలో దొరకనిది ఫోన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే వస్తుంది. ఇక్కడి హైపర్‌మార్కెట్‌లో కొన్న చాక్లెట్లు, బాడీ స్ప్రేలు, దుప్పట్లు కిలోల కొద్దీ మోసుకుపోతే విమానంలో బరువు తప్ప లాభం లేదు.

ఇద్దరం కూర్చొని ఆ లిస్టుని రెండు ముక్కలు చేశాం. అమ్మకి, బాపుకి, భార్యకి పదేళ్ళు వాడుకునే మంచి వస్తువు ఒక్కొక్కటి. మిగతా పదిమందికి చిన్న అత్తరు సీసా గానీ, ఖర్జూరం డబ్బా గానీ. ఖర్చు సగానికి తగ్గింది, ఆ మిగిలింది అప్పుకి కట్టాడు. ఇక ఆ మూడు మంచి వస్తువులు ఎట్లా ఎంచుకోవాలన్నదే అసలు విషయం.

బంగారం: క్యారెట్, మజూరీ, వ్యాట్

దుబాయ్‌లో నగల షాపుల్లో ఆ రోజు రేటు బోర్డు మీద కనిపిస్తుంది. దాని మీద బేరం ఉండదు. బేరం ఆడాల్సింది మజూరీ మీదే. డేరా గోల్డ్ సూక్‌కి పోయినా, మాల్‌కి పోయినా ఇదే లెక్క.

క్యారెట్ అంటే 24 భాగాల్లో ఎన్ని భాగాలు బంగారమో చెప్పే లెక్క. 22 క్యారెట్ నగ మీద 916 ముద్ర ఉంటుంది, అంటే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారం. 21 అయితే 875, 18 అయితే 750. అరబ్బుల డిజైన్లు ఎక్కువగా 21లో ఉంటాయి. చూడ్డానికి బాగుంటాయి, గట్టిగా కూడా ఉంటాయి. కానీ ఊర్లో అమ్మినా, లోను కోసం కుదువ పెట్టినా వాళ్ళు మళ్ళీ టెస్ట్ చేసి తేలిన స్వచ్ఛతకే లెక్క కడతారు. 21 కొనడం తప్పేం కాదు. కొనేటప్పుడే ఇంట్లోవాళ్ళకి 21 అని చెప్పాలి, బిల్లు మీద రాయించుకోవాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. రేటు రోజూ మారుతుంది కాబట్టి, గ్రాము 400 దిర్హమ్స్ అనుకుందాం. 8 గ్రాముల గొలుసు. బంగారం విలువ 3,200. మజూరీ గ్రాముకి 25 అయితే 200 అవుతుంది, మొత్తం 3,400. దాని మీద 5 శాతం వ్యాట్ 170. చేతి నుంచి పోయేది 3,570. అదే 8 గ్రాముల గొలుసుని మజూరీ గ్రాముకి 60 ఉన్న డిజైన్‌లో తీసుకుంటే 3,200కి 480 కలిపి 3,680, వ్యాట్ 184, మొత్తం 3,864. బరువు అంతే, బంగారం అంతే, తేడా 294 దిర్హమ్స్. రేపు అమ్మితే మజూరీ తిరిగి రాదు, వ్యాట్ తిరిగి రాదు. కాబట్టి అవసరానికి పనికిరావాలని కొనే నగ అయితే మజూరీ తక్కువున్న సాదా డిజైన్ తీసుకోండి. భార్యకి నచ్చిన డిజైన్ పెట్టుకొని మురిసిపోవాలని కొంటే ఆ 294 ఆ ముచ్చటకి పెట్టిన పైసలు. రెండూ సరైన కారణాలే, ఏది దేనికో తెలిసి కొనాలంతే.

పండగ రోజుల్లో "మజూరీ జీరో" అని బోర్డులు పెడతారు. అది ఏ డిజైన్లకి, ఎన్ని గ్రాముల మీదికి అని అడగండి. చాలాసార్లు కొన్ని డిజైన్లకే ఉంటుంది. రాళ్ళ నగ అయితే రాళ్ళ బరువు తీసేసి బంగారం బరువు ఎంతో బిల్లులో విడిగా రాయించుకోండి. గాజుపూసకి బంగారం రేటు కట్టొద్దు.

వ్యాట్ ఇక్కడ 2018 జనవరి 1 నుంచి ఉంది. టూరిస్టులకి ఎయిర్‌పోర్టులో వాపసు ఇచ్చే పద్ధతి ఉంది గానీ, రెసిడెన్స్ వీసా మీద ఉన్న మనకి అది లేదు. విజిట్ మీద వచ్చిన అమ్మనో భార్యనో తమ పాస్‌పోర్టు మీద కొంటే వాళ్ళకి వర్తిస్తుంది. షాపులో బిల్లు వేసేటప్పుడే చెప్పాలి.

"దుబాయ్‌లో బంగారం మస్తు చవక" అనే మాట వెనక పెద్ద కారణం ఇండియా దిగుమతి సుంకం. 2024 జూలైలో దాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. ఆ తర్వాత రెండు చోట్ల ధరల మధ్య ఉన్న తేడా బాగా తగ్గింది. సుంకం మారినప్పుడల్లా ఈ లెక్క మారుతుంది. అందుకే కొనే రోజు ఊర్లో రేటు ఎంతుందో, అక్కడి తరుగు, మజూరీ ఎంతో ఫోన్ చేసి కనుక్కొని, ఇక్కడి మజూరీ, వ్యాట్ కలిపిన ధరతో పోల్చండి. ఒక్కోసారి ఊర్లోనే కొనుక్కోవడం నయమనిపిస్తుంది.

గాజుల సైజు: ఇది మన టేపు లెక్కే

గాజులు కొనే మగవాళ్ళు ఎక్కువగా చేసేది, షాపులో అమ్మాయి చేతిని చూపించి "ఇంతే ఉంటుంది" అనడం. అట్లా కొన్నవి బీరువాలో పడుంటాయి. గాజుల సైజులు 2-4, 2-6, 2-8 అని ఉంటాయి కదా. అది రెండు అంగుళాల మీద పదహారో వంతులు ఎన్ని అన్న లెక్క. 2-4 అంటే రెండుంబావు అంగుళాల లోపలి వ్యాసం, సుమారు 57 మిల్లీమీటర్లు. 2-6 అంటే 60, 2-8 అంటే 63న్నర. మెజరింగ్ టేపు మీద అంగుళాల గీతలు చదవడం వచ్చినవాళ్ళకి ఇందులో కొత్తేం లేదు. ఇంట్లో సరిగ్గా పట్టే పాత గాజు ఒకటి తీసి, స్కేలు దాని మీద అడ్డంగా పెట్టి, లోపలి అంచు నుంచి లోపలి అంచు వరకు కొలిచి, ఫోటో పంపమనండి. ఉంగరానికి కూడా సరిపోయే పాత ఉంగరం లోపలి వ్యాసం కొలిపించండి.

ఎవరికి ఏది నప్పుతుంది

షాపులో అద్దాల వెనక మెరిసేది కాదు చూడాల్సింది, మనిషి రోజూ చేసే పని. మా వైపు చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు బీడీలు చుడతారు. రోజంతా వేళ్ళతో ఆకు మడిచే చేతికి రాళ్ళ ఉంగరం పెడితే అది అడ్డం వస్తుంది, నాలుగు రోజులకి తీసి డబ్బాలో పెడుతుంది. అదే చెవి కమ్మలైతే పొద్దున్నుంచి రాత్రి దాకా ఉంటాయి. పసిపిల్లని ఎత్తుకునే తల్లికి వేలాడే బుట్టలు వద్దు, పిల్ల లాగుతుంది. నాట్లేసే అక్కకి సన్న గొలుసు కంటే గట్టి గొలుసు.

రంగు, రకం తెలుసుకోవడానికి కిందటి పెళ్ళి ఫోటోలు తీసి చూడండి. మీ భార్య ఏ రంగు చీరలు మళ్ళీ మళ్ళీ కట్టింది? మెడకి అంటుకునే నగ వేసుకుందా, పొడుగు గొలుసా? పసుపుపచ్చ బంగారమేనా, తెల్ల రాళ్ళా? మనిషి స్టైల్ అంటే అదే. ఆమె ఎన్నో ఏళ్ళుగా ఎంచుకుంటూ వచ్చినదాని పక్కన పెట్టగలిగేది కొనాలి. అది వదిలేసి మనం ఇక్కడ మాల్‌లో చూసి ముచ్చటపడింది కొంటే, ఆమె మన కోసం ఒక్కసారి వేసుకుంటుంది.

అత్తరు, ఊద్

ఊర్లో దొరకనిది, ఇక్కడ నిజంగా బాగా దొరికేది ఏదైనా ఉందంటే ఇదే. ఊద్ అంటే మన అగరు. అగరు చెట్టుకి ఒక రకం బూజు సోకినప్పుడు చెట్టు లోపల నల్లటి జిగురు ఊరుతుంది. ఆ జిగురు పట్టిన చెక్కకే ఆ వాసన. సోకని చెట్టు ఉత్త కట్టె. అందుకే ధర అంత. అస్సాం నుంచి, కంబోడియా నుంచి వచ్చే ఊద్‌ని షాపులవాళ్ళు విడివిడిగా పెట్టి చూపిస్తారు. నూనెని తులాల్లో అమ్ముతారు. తులం అంటే 11.66 గ్రాములు.

20 దిర్హమ్స్‌కి తులం "అసలు ఊద్" రాదు. అది కలిపిన సుగంధం. వాసన బాగుంటే కొనుక్కోండి, తప్పులేదు, కానీ అసలు ఊద్ ధర పెట్టొద్దు. కాగితం ముక్క మీద చూసి కొనొద్దు. మణికట్టు మీద రాసుకొని అరగంట బయట తిరిగి రండి. మొదటి ఐదు నిమిషాల వాసన వేరు, అరగంట తర్వాత నిలబడేది వేరు. ఒక్కరోజులో మూడు కంటే ఎక్కువ చూడొద్దు, ముక్కు పనిచేయడం మానేస్తుంది.

ఊద్ అందరికీ పడదు. అలవాటు లేనివాళ్ళకి ఘాటుగా, పశువుల కొట్టంలాగా కూడా అనిపిస్తుంది. అమ్మలకి, అక్కలకి గులాబీ, మల్లె, చందనం అత్తరు నయం. సౌదీలో ఉన్నవాళ్ళకి తాయిఫ్ గులాబీ అత్తరు దగ్గరే దొరుకుతుంది. అత్తరు నూనె కాబట్టి తెల్ల బట్ట మీద మరక పడుతుంది, ఒంటికే రాయాలని చెప్పి ఇవ్వండి.

స్ప్రే సీసాలు కొంటే పెట్టె మీద రాసింది చదవండి. ఓ ద పర్‌ఫ్యూమ్‌లో సుగంధ తైలం ఎక్కువ, కాబట్టి ఎక్కువసేపు ఉంటుంది. ఓ ద టాయ్‌లెట్‌లో తక్కువ. ఒకే పేరు, ఒకే రంగు సీసా ఉన్నా ధర తేడా అందుకే. 100 మిల్లీలీటర్లు దాటిన సీసా చేతి బ్యాగులో పోనివ్వరు, లగేజీలో వేయండి.

వాచీ

బాపుకి వాచీ అనేది మన దగ్గర పాత మర్యాద. రాడో అనే పేరు మన ఊర్లల్లో అందరికీ తెలుసు. ఆ కంపెనీ గీతలు పడని డయాస్టార్ వాచీ తెచ్చింది 1962లో. ఈ గీతల సంగతి సైట్ మనిషికి బాగా అర్థమవుతుంది. గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే స్కేలు ఉంది. వజ్రం 10, సఫైర్ అద్దం 9, ఇసుక 7. మామూలు అద్దం ఇసుక కంటే మెత్తన. అందుకే చెయ్యి గోడకి రాసుకుంటే దాని మీద గీత పడుతుంది, సఫైర్ మీద పడదు. వాచీ వివరాల్లో "సఫైర్ క్రిస్టల్" అని రాసి ఉందో లేదో చూడండి. బాడీ స్టీలు 316ఎల్ అయితే చెమటకి తట్టుకుంటుంది. పూత పూసిన ఇత్తడి అయితే రెండు ఎండాకాలాలకే పూత పోతుంది.

వెనక "30 మీటర్లు" అని ఉంటే నీళ్ళల్లో మునగొచ్చని కాదు, చెమటకి, చినుకులకి, చేతులు కడుక్కోవడానికి వరకే. బావిలో ఈత కొట్టే తమ్ముడికి అయితే 100 మీటర్లది కావాలి. బ్యాటరీ వాచీయా, ఆటోమేటిక్‌ా అంటే, ఊర్లో ఉండేవాళ్ళకి నేను బ్యాటరీదే చెప్తాను. టైం తప్పదు, రెండు మూడేళ్ళకి ఒకసారి బ్యాటరీ ఎక్కడైనా మారుస్తారు. ఆటోమేటిక్ అందమైనదే గానీ, కొన్నేళ్ళకి ఒకసారి సర్వీసు కావాలి, చేతికి పెట్టుకోకపోతే రెండు రోజుల్లో ఆగిపోతుంది. గ్యారంటీ కార్డు మీద షాపు ముద్ర, తేదీ, వాచీ నంబరు మూడూ ఉండాలి. నంబరు వాచీ వెనక ఉన్నదానితో అక్కడే సరిచూసుకోండి.

రోడ్డు మీద "కాపీ వాచ్, కాపీ బ్యాగ్" అని చెవిలో చెప్పేవాళ్ళ వెంట పోవద్దు. పది వేల వస్తువు రెండొందలకి వచ్చిందంటే ఆ పేరుకి అర్థం లేదు. పేరు లేని 200 దిర్హమ్స్ అసలు వాచీ, పెద్ద పేరున్న 200 దిర్హమ్స్ నకిలీ కంటే ఎక్కువ కాలం నడుస్తుంది. బాపు దాన్ని పదిమందికి చూపించుకుంటాడు. నకిలీ అని తేలిన రోజు తలవంపులు ఆయనకి.

బట్ట

చీరలు ఇక్కడి నుంచి మోయకండి. మీనా బజార్‌లో చీరలు బాగుంటాయి, కానీ చాలావరకు ఇండియా నుంచి వచ్చినవే. అదే పైసలతో పోచంపల్లి ఇక్కత్ గానీ, ఒళ్ళంతా నూలు, అంచు, కొంగు పట్టు ఉండే గద్వాల చీర గానీ ఊర్లో నేసినవాళ్ళ దగ్గర కొనండి. ఇక్కడి నుంచి పైసలు పంపి, భార్యనే పోయి ఎంచుకొమ్మనండి. అది కూడా గిఫ్టే.

ఇక్కడి నుంచి తీసుకుపోవాల్సింది వేరే బట్ట ఒకటుంది. అరబ్బులు వేసుకునే కందూరా తెల్ల బట్ట. మంచి రకం జపాన్ నుంచి వస్తుంది. ముడత తక్కువ, ఉతికినా తెలుపు తగ్గదు. సత్వాలో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. బాపుకి లాల్చీకి సరిపడా తీసుకుపోయి, ఊర్లో ఆయన అలవాటు పడ్డ టైలర్ దగ్గరే కుట్టించండి. కొలతల గొడవ ఉండదు.

"పట్టు", "పష్మీనా" అని చెప్పి అమ్మే శాలువాల దగ్గర చిన్న పరీక్ష. అంచు నుంచి ఒక్క పోగు ఇమ్మని అడిగి, బయట కాల్చి చూడండి. పట్టు, ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేస్తాయి, బూడిద వేళ్ళతో నలిగిపోతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలాగా అవుతుంది. నూలు, విస్కోస్ కాగితం కాలినట్టు కాలుతాయి. పోగు ఇవ్వనంటే ధర చెప్పినదాంట్లో సగం నమ్మకం పోయినట్టే.

ఎయిర్‌పోర్టు

ఏడాది కంటే ఎక్కువ విదేశంలో ఉండి ఇండియాకి తిరిగి వచ్చేవాళ్ళు డ్యూటీ లేకుండా తెచ్చుకోగలిగే నగలు మగవాళ్ళకి 20 గ్రాములు, ఆడవాళ్ళకి 40 గ్రాములు. 2016 నియమాల్లో దీని మీద మళ్ళీ విలువ పరిమితి కూడా ఉండేది, మగవాళ్ళకి 50 వేల రూపాయలు, ఆడవాళ్ళకి లక్ష. బంగారం ధర పెరిగాక బరువు కంటే ముందు ఈ విలువే అడ్డం వచ్చేది. ఈ అంకెలు మారుతుంటాయి, కాబట్టి టికెట్ తీసుకున్న రోజే ఇండియన్ కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. మారనిది ఒకటుంది. ఈ మినహాయింపు నగలకే, బిస్కెట్లకి, నాణేలకి కాదు. వాచీ, సెంట్లు, బట్టలు వేరే మొత్తం పరిమితి కిందికి వస్తాయి. దాటితే రెడ్ ఛానల్‌లోకి పోయి చెప్పి డ్యూటీ కట్టండి. బిల్లులన్నీ చేతి బ్యాగులో ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, వేరేవాళ్ళ పొట్లం తీసుకుపోవద్దు. "ఈ గొలుసు మా చెల్లెకి ఇయ్యన్నా, ఎయిర్‌పోర్టు బయటికి వచ్చి తీసుకుంటది" అని ఎంత బతిమాలినా వద్దు. మీ బ్యాగులో దొరికింది మీదే అవుతుంది. టికెట్ ఫ్రీ అన్నా వద్దు. ఆ ఒక్క పొట్లంతో లీవు, పాస్‌పోర్టు, ఉద్యోగం మూడూ పోతాయి. తిరిగి వచ్చేటప్పుడు కూడా జాగ్రత్త. రూమువాళ్ళకి సకినాలు, పచ్చళ్ళు తెండి గానీ, మసాలా పొట్లంలో గసగసాలు పెట్టొద్దని ఇంట్లో గట్టిగా చెప్పండి. యూఏఈలో అవి నిషేధం.

లీవుకి పైసలు పక్కన పెట్టేటప్పుడు నేను చెప్పే వరస ఇది. ముందు అప్పు వాయిదా, తర్వాత లీవులో ఇంటి ఖర్చు, తర్వాత తిరిగి వచ్చాక మొదటి జీతం దాకా మీ తిండి ఖర్చు. ఈ మూడూ విడిగా తీసిపెట్టాక మిగిలిందే గిఫ్టుల బడ్జెట్. క్రెడిట్ కార్డు మీద నగ కొనొద్దు, మజూరీ మీద బేరమాడి మిగిల్చింది వడ్డీకి పోతుంది. గాజుల సైజు గురించి, 21 క్యారెట్ గురించి ఇంకా అడగాలనుకుంటే వాయిస్ మెసేజ్ పంపండి. కువైట్, ఖతార్ నుంచి వినేవాళ్ళు అక్కడ మజూరీ ఎట్లా ఉందో కూడా చెప్పండి, వచ్చే ఎపిసోడ్‌లో అందరికీ వినిపిస్తాం.